సింగపూర్‌కు ముందు పరకాల

మా ఇంట్లో సింగపూర్ మాట ఎత్తింది నేను. ఇంకెవరికీ ఆ సరదా లేదు. మా ఆయనకు సెలవంటే జంపఖానాల దుకాణానికి తాళం వేసి మధ్యాహ్నం దాకా పడుకోవడం. మా అత్తమ్మకు ప్రయాణమంటే పెళ్లికో, చావుకో, దేవుడి దగ్గరికో. ఊరికే ఒక ఊరు చూసి రావడానికి విమానం ఎక్కేవాళ్లు ఉంటారని ఆమెకు తెలుసు. అయితే అట్లాంటివాళ్లు టీవీలోనే ఉంటారని ఆమె అభిప్రాయం.

"ఆడ ఏమున్నదే?" అని అడిగింది.

"జూ ఉంటది అత్తమ్మా. సముద్రం ఉంటది. ఇంతింత పెద్ద బిల్డింగులు."

"జూ హన్మకొండల లేదా?"

ఉంది. వరంగల్ నుంచి రోజూ ఆటోలో ఆ దారినే కాలేజీకి పోతాను. కానీ అసలు కారణం ఆమెకు చెప్పేది కాదు. అది ఆమె గురించే.

మా బాబుకు అప్పటికి నాలుగేళ్లు దాటాయి. ఐదో ఏడు నడుస్తోంది. వాడికి ఆరో నెల రాగానే నేను మళ్లీ కాలేజీలో చేరాను. హనుమకొండలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్తాను. పొద్దున వాడు లేవకముందు వంట, లేచాక పరుగు. సాయంత్రం నేను చెప్పులు విడిచేసరికి వాడి స్నానం, తిండి, అలకలు, నవ్వులు అన్నీ అయిపోయి నానమ్మ ఒళ్లో చేరి ఉండేవాడు. రాత్రి పక్కన పడుకోబెట్టుకుంటే, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కాసేపు మర్యాదగా పడుకుని, ఆ తర్వాత తన దిండు తాను తీసుకుని నానమ్మ మంచం దగ్గరికి వెళ్లిపోయేవాడు. పిలిస్తే వెనక్కి చూసి నవ్వేవాడు కూడా.

మా అత్తమ్మ మీద నాకు కోపం లేదు. అసూయ ఉంది. నూలు కండెలు చుట్టీ చుట్టీ అరిగిపోయిన చేతులతో ఆమె నా కొడుకును పెంచింది, నేను నిశ్చింతగా ఉద్యోగం చేసుకున్నాను. న్యాయంగా చూస్తే నేనే ఆమెకు దండం పెట్టాలి. న్యాయంగా చూడడం నాకు పగటిపూటే సాధ్యమయ్యేది.

అందుకని సింగపూర్. ఎండాకాలం సెలవుల్లో ఒక వారం, మేము ముగ్గురమే. వాడికి తెలిసిన మొహం అక్కడ ఇంకొకటి ఉండదు. భయమేసినా, ఆకలేసినా, కాలు నొప్పి పుట్టినా నా దగ్గరికే రావాలి. ఇది కుట్ర అంటే కుట్రే. స్టాఫ్ రూమ్‌లో ఒకావిడ "అంత చిన్న పిల్లగానికి ఏం యాదుంటది మేడమ్, పైసలు దండుగ" అంది. వాడికి గుర్తుండకపోతే పోనీ, నాకుంటుంది అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు, నేను విడమర్చలేదు.

మా ఆయన అడ్డు చెప్పలేదు. షరతు పెట్టాడు.

"వాడు అర్ధరాత్రి హోటల్ల నానమ్మ కావాలని లేస్తె ఏం జేద్దాం? ఫ్లైట్ ఎక్కి వాపసు వస్తమా? ముందుగాల నీ దగ్గర పండుడు అలవాటు చెయ్యి. వాడు అడగకుండ పండుకుంటె టికెట్లు తీద్దాం. లేకపోతె లేదు."

నాకు ఒళ్లు మండింది. మాట సరైనదే కాబట్టి ఇంకా మండింది. "పోనీ అమ్మను గూడ తీస్కపోదామా?" అన్నాడు ఆ వెంటనే. వంటింట్లోంచి అత్తమ్మే జవాబిచ్చింది: "నా మోకాళ్లకు హన్మకొండ పోయొచ్చుడే గగనమైతాంది. నన్నెందుకు ఈడ్సుకపోతరు? మీరే పోండ్రి." నేను బతిమిలాడలేదు.

ఇక ప్లాను మొదలుపెట్టాను. పిల్లల్ని వెంటేసుకుని దేశాలు తిరిగే తల్లుల వీడియోలు ఫోన్‌లో ఎన్ని చూశానో. బండిలో పిల్లను తోసుకుంటూ, చేతిలో కాఫీ పట్టుకుని, చెమట కూడా పట్టని మొహాలతో వాళ్లు చెప్పే మొదటి మాట ఒకటే: మీ బిడ్డ తీరు మీకు తెలుసు కదా, దాన్ని బట్టి రోజును కట్టుకోండి. ఏ వేళకు నిద్ర, ఏ వేళకు ఆకలి, ఎంతదూరం నడుస్తాడు, దేనికి భయపడతాడు. నాకు ఇందులో సగం తెలియదు. తెలిసిన మనిషి చారు కోసం చింతపండు పిసుకుతూ నా ఎదురుగానే ఉంది.

అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను. ఆమె ఏమీ గొప్పలు పోకుండా, ఒక్కొక్కటీ చెప్పింది.

"లేవంగనే మాట్లాడియ్యద్దు వాన్ని. జరసేపు గోడ దిక్కు చూస్తడు. చూడనియ్యాలె. పాలు పెద్ద గ్లాసుల పోస్తె ముట్టడు, చాయ గ్లాసుల పొయ్యి, రెండుసార్లు తాగుతడు. నడుస్త నడుస్త కూలవడ్డడంటె కాలు నొస్తలేదు, ఒంటికి వస్తాందన్నట్టు. సిగ్గుకు చెప్పడు."

"మరి పండుకునేటప్పుడు?"

"చెవు పట్టుకుంటడు."

ఆమె చెవి తమ్మెలు బరువైన కమ్మలకు సాగి మెత్తగా ఉంటాయి. నా చెవికి ఒక గట్టి దుద్దు. వాడు ఒకటి రెండుసార్లు నా చెవి పట్టి చూసి వదిలేసిన సంగతి అప్పుడు అర్థమైంది. నేను దాన్ని ముద్దు అనుకున్నాను.

వాడిని కూడా అడిగాను, సింగపూర్‌లో ఏం చూస్తావురా అని. జిరాఫీలు చూపించాను, నీళ్ల మీద లైట్లు చూపించాను. వాడికి అవేవీ ఎక్కలేదు. ఒక వీడియో వెనకాల రోడ్డు మీద పోతున్న రెండంతస్తుల బస్సు కనిపించింది. "గా మీదికి ఎట్ల ఎక్కుతరు?" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులూ అదే ప్రశ్న. నేను జూకు పెట్టిన ఒక పూట తీసి బస్సుకిచ్చాను.

అంతా ఒక దారికి వస్తోందనుకుంటుండగా వెంట్రుకల పేచీ వచ్చింది.

వాడు పుట్టిన నెలలోనే ఊపిరి అందక దవాఖానలో ఉన్నాడు. అద్దాల పెట్టెలో ఉన్న మనవడిని చూడలేక, బయట మెట్ల మీద కూర్చుని మా అత్తమ్మ ఐనవోలు మల్లన్నకు మొక్కింది, పుట్టువెంట్రుకలు జాతరలో ఇస్తానని. మూడో ఏట తీయాల్సింది. ఆ ఏడు మా మామయ్య పోయాడు, శుభకార్యాలు లేవు. ఐదో ఏటికి వాయిదా పడింది. అందుకే మా బాబుకు నడుము మీదికి జుట్టు. రోజూ పొద్దున గడప దగ్గర కూర్చోబెట్టుకుని ఆమె నూనె రాసి రెండు జడలు వేసేది. వీధిలో అందరికీ అలవాటే. పాస్‌పోర్టు ఫొటో కూడా ఆ జడలతోనే తీయించాం. మాకెవరికీ అందులో వింత కనబడలేదు.

హనుమకొండలో ట్రావెల్స్ నడిపే అబ్బాయికి కనబడింది. వీసా సంగతి కనుక్కుందామని వెళ్తే, పాస్‌పోర్టు తెరిచి, నా పక్కన కుర్చీ మీద ఉన్నవాడిని చూసి, "పాప మంచిగున్నది మేడమ్" అన్నాడు.

"బాబు."

"ఓ. మొక్కున్నదా?" అని అతను వెంటనే గ్రహించాడు. "ఎప్పుడు తీస్తాన్రు?"

"ఈ జాతర్లనే. ఉగాది లోపట."

అతను పాస్‌పోర్టు మూసి బల్ల మీద పెట్టాడు. "వద్దు మేడమ్. గుండు గీకిస్తె ఈ ఫొటోకు, బాబు మొఖానికి పొత్తే కుదరది. వీసాకు కొత్త ఫొటో అడుగుతరు. ఆడ కౌంటర్ల కూసున్నోడు మన ఐనవోలోడు కాదు గద, పుట్టెంటికలంటె సమజ్ కానీకి. వచ్చినంక తీయిండ్రి. లేదంటె పాస్‌పోర్టు మళ్ల చేయిపియ్యాలె, సెలవుల లోపట వస్తదో రాదో."

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. అన్నం పెడుతూ మామూలుగా చెప్పాలనుకున్నాను గానీ గొంతులో ముందే దెబ్బలాట వినబడింది. ఈ ఏడు జాతర కుదరదు, తర్వాత చూద్దాం అన్నాను. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"మొక్కిన్నే."

"మల్లన్న ఏడికి పోతడు అత్తమ్మా, వచ్చే ఏడు గూడ గాడ్నే ఉంటడు. మాకు సెలవులు వచ్చే ఏడు దొరకయి."

మా ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. ఆమె మళ్లీ గరిటె అందుకుంది. మర్నాడు పొద్దున వాడికి జడలు వేసి, గుడ్డ సంచిలో రెండు చీరలు పెట్టుకుని, "పరకాలకు పోతాన" అంది. పరకాలలో మా వదిన, అంటే మా ఆయన అక్క, ఉంటుంది. ఎన్ని రోజులు అంటే చెప్పలేదు. వాడు బడిలో ఉండగా బస్సెక్కింది.

"మీ అమ్మ అలిగింది" అన్నాను.

"మా అమ్మ అలిగితె తిండి మానుతది గని బస్సెక్కది" అన్నాడు మా ఆయన. కానీ అతనికీ ఎందుకో అంతుపట్టలేదు.

నాకు మాత్రం అంతా పట్టింది అనుకున్నాను. సరిగ్గా పరీక్షల ముందు, నా మీద కసి తీర్చుకోవడానికి, పిల్లవాడిని నా మొహాన పారేసి పోయింది. కావాలన్నావుగా, చూసుకో అన్నట్టు. ఎంత తెలివి! నేను సింగపూర్‌లో చేద్దామనుకున్నది ఆమె వరంగల్‌లోనే చేసి చూపించింది, అదీ నాకు నచ్చని పద్ధతిలో.

వాడు బడి నుంచి వచ్చి మంచం చూశాడు, వంటిల్లు చూశాడు, దొడ్డి చూశాడు.

"నానమ్మ ఏది?"

"పరకాల పోయింది. వస్తది."

"నేను గూడ పోత."

అన్నం తినలేదు. ఏడ్చాడు. ఎత్తుకుంటే నా భుజం మీద నుంచి తలుపు వైపు చూస్తూ ఏడ్చాడు. నేను ఏ పాట పాడినా అది కాదన్నాడు. ఏదిరా మరి అంటే చెప్పడం రాలేదు. ఏడ్చి ఏడ్చి అలిసి నిద్రపోయాడు, నా పక్కనే, నాకు వీపు పెట్టి.

పొద్దున జడలు. అంత జుట్టు నేనెప్పుడూ దువ్వలేదు. చిక్కు దగ్గర దువ్వెన ఆగగానే వాడు వీధంతా వినబడేలా అరిచేవాడు. ఎదురింటావిడ వచ్చి, "గట్ల కాదు పిల్లా, కింద కెల్లి దువ్వుకుంట రావాలె" అని చెప్పిపోయింది. ఒక జడ పైకి, ఒక జడ కిందికి వచ్చింది. వాడు అద్దంలో చూసుకుని మళ్లీ ఏడ్చాడు. బడి అయ్యాక వాడిని మా ఆయన దుకాణానికి తీసుకుపోయి జంపఖానాల దొంతర మీద కూర్చోబెట్టేవాడు. నేను కాలేజీ నుంచి గంట ముందే వెళ్లిపోతానని ప్రిన్సిపాల్‌ను అడుక్కుని, ఆయన మూతి విరుపులు భరించి, దుకాణానికి పరుగెత్తేదాన్ని.

సరిగ్గా ఆ జడల యుద్ధం వేళకే పరకాల నుంచి ఫోను. వదిన ఫోను, అత్తమ్మ గొంతు. తిన్నారా, ఎట్లున్నారు అనే మాటలేవీ లేవు.

"రాత్రి నన్ను అడిగిండా?"

"అడిగిండు. ఏడ్సిండు. రాత్రంత పీక్కతిన్నడు. మీరు రాండ్రి ఇగ."

"ఊఁ" అని పెట్టేసింది.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఆమెకు సంతోషంగా ఉందని నేను తేల్చేశాను. మనవడు తన కోసం ఏడుస్తున్నాడని రోజూ ఫోను చేసి రూఢి చేసుకుంటోంది! ఒకరోజు విసుగెత్తి, "అడుగుతనే ఉన్నడు, ఖుషేనా?" అన్నాను. ఆమె దానికీ "ఊఁ" అనే అంది. సింగపూర్ వద్దు, ఏ ఊరూ వద్దు అని నేను మా ఆయనతో అన్నది ఆ రోజే.

ఆ మధ్యాహ్నం కాలేజీలో టిఫిన్ డబ్బా తెరిచాను. వదిన ఫోను. ఈసారి వదిన గొంతే, అదీ గుసగుసగా.

"ఏం పిల్లా, అమ్మను ఏమన్నవు పొద్దుగాల?"

"ఏమన్న? రోజూ పోన్ జేసి మా పానం తీస్తాంది. గుండు సంగతికి ఇంత అలుగుడా వదినా?"

"గుండా? గుండు సంగతి ఎప్పుడో మరిచింది. మల్లన్నకు నేను చెప్పుకుంట తియ్యి అన్నది. నీకు చెప్పద్దన్నది గని చెప్తాన. పాలు మాన్పియ్యనీకి వచ్చింది ఈడికి."

నాకు అర్థం కాలేదు. మాన్పించడానికి ఇంకా పాలేమిటి?

"గదే, పాల అలవాటు లెక్కనే. కండ్ల ముంగట ఉంటె మానడు, నేనే తప్పుకోవాలె అన్నది. వాడు నీ దగ్గర పండుకుంటెనే టికెట్లని తమ్ముడు అన్నడట గద. నీకు చెప్తె జాలిపడి నడుమల పిలుస్తవట. పిలుస్తె ఆమె ఆగదట, వచ్చేస్తదట. గందుకే చెప్పలే. ఈడ తిండి సక్కగ తింటలేదు. పొద్దుగాల లేవంగనే నా పోన్ చేతుల పట్టుకుని కూసుంటది, మీరు లేసిన్రో లేదో అని."

మా దగ్గర పాలు మాన్పించే పద్ధతి అందరికీ తెలిసిందే. మొదట వేపాకు నూరి రొమ్ముకు రాస్తారు. దానికీ లొంగని పిల్లలుంటారు. అప్పుడు తల్లిని కొన్నాళ్లు ఇంట్లోంచి పంపించేస్తారు. మా బాబు వేపాకు చేదునూ లెక్కచేయలేదు. నన్ను హనుమకొండలో మా అమ్మ ఇంటికి పంపింది మా అత్తమ్మే. అక్కడ నేను పాలు గడ్డకట్టి, జ్వరంతో, చలికాలంలో ఫ్యాను కింద కూర్చుని, రోజూ ఇంటికి ఫోను చేసి అడిగేదాన్ని, నన్ను అడిగాడా అని. ఆమె ఏం చెప్పేదో గుర్తులేదు. అడగడం గుర్తుంది. అవునంటే ఏడుపొచ్చేది, కాదంటే ఇంకా ఎక్కువ ఏడుపొచ్చేదని గుర్తుంది.

డబ్బా మూసేసి క్లాసుకు వెళ్లాను. ఏం చెప్పానో తెలియదు.

ఆ సాయంత్రమే ఆమెను పిలిచేద్దామనుకున్నాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. పిలిస్తే వస్తుంది, అంత తేలిక. వస్తే ఆమె అక్కడ తినకుండా గడిపిన పూటలన్నీ బూడిదలో పోసినట్టే. నాకు కొడుకూ కావాలి, సింగపూర్ కూడా కావాలి. అబద్ధమెందుకు. ఫోను పెట్టేశాను.

ఇక ఆమె చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేశాను. పొద్దున వాడు గోడ వైపు చూస్తుంటే నేనూ మాట్లాడకుండా పక్కన కూర్చున్నాను. పాలు చాయ గ్లాసులో రెండుసార్లు పోశాను. జడలు కింది నుంచి దువ్వాను. దుద్దులు తీసేసి పడుకున్నాను. వాడు నా చెవి పట్టి చూశాడు, నచ్చలేదు. రెండు రోజులు అటూ ఇటూ వెతికి, చివరికి నా మోచేతి దగ్గర వదులుగా ఉండే తోలు దొరకబుచ్చుకున్నాడు. గిల్లినట్టు నొప్పి. నేను చేయి కదల్చలేదు. నానమ్మను అడిగాడు గానీ, ఏడవలేదు. తర్వాతి రోజు నిద్రలోకి జారుతూ ఒకసారి అడిగాడు. పొద్దున ఫోనులో అదే చెప్పాను, ఒకసారి అడిగిండు అని. "ఏడ్సిండా?" "ఏడవలే." "ఊఁ." ఆ ఊఁ ఎంత సన్నగా వచ్చేదో అంతకుముందు నేను వినిపించుకోలేదు.

ఆ తర్వాత ఒక రాత్రి వాడు రెండంతస్తుల బస్సుకు మెట్లు లోపల ఉంటాయా బయట ఉంటాయా అని అడిగాడు. లోపలే అన్నాను. మీద కూర్చుంటే డ్రైవర్ కనబడతాడా అన్నాడు. కనబడడు అన్నాను. కాసేపు ఆలోచించి, నా మోచేయి పట్టుకుని, నా వైపు తిరిగి నిద్రపోయాడు. అంతే. ఇంకేమీ అడగలేదు.

నేను నాలుగేళ్లుగా కోరుకున్నది అదే. వాడి నోటి నుంచి వచ్చే పాల వాసన నా మొహానికి తగులుతోంది. సంతోషంగానే ఉంది, లేదని ఎందుకనాలి. కానీ ఇక తెల్లవారితే ఫోను వస్తుంది.

వచ్చింది. వాడు గడప దగ్గర నా మోకాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. దువ్వెన వాడి చేతికిచ్చి ఫోను ఎత్తాను.

"రాత్రి అడిగిండా?"

అడిగాడని అనొచ్చు. ఆమెకు ఆ ఒక్క రోజు హాయిగా గడుస్తుంది. కానీ నేను హనుమకొండలో మా అమ్మ దగ్గర ఉన్నప్పుడు ఆమె ఏది చెప్పినా నిజమే చెప్పి ఉంటుంది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు.

"అడగలేదు అత్తమ్మా."

వదిన వాళ్లింట్లో టీవీ మోగుతోంది. ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"నిజమేనా? ఊకెనే అంటానవా?"

"నిజమే. మంచిగ పండుకున్నడు."

ఈసారి ఊఁ అనలేదు.

"మంచిగాయె. ఇగ టికెట్లు తీస్కోండ్రి" అంది.

"మీరు రాండ్రి అత్తమ్మా. ఇయ్యాలనే రాండ్రి, ఆయనను తోలిస్త."

ఫోను చేతులు మారింది. "అమ్మ లోపటికి పోయింది" అంది వదిన. "ఏమన్నవే?"